నాయన ఫియట్: విప్పే ముందు నడిపించండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది అనంతపురం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనాదివారాలు ఊరికొస్తుంటా. మా నాయనకు శెనక్కాయల మండీ ఉండేది. ఆయన 1971లో కొన్న ఫియట్ 1100 డిలైట్ కారు పాతింటి వెనక రేకుల షెడ్డులో పదేండ్లకు పైగా కదలకుండా పడి ఉంది. నాయన మూడేండ్ల కింద పోయినాడు. ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, గడువు ఎప్పుడో అయిపోయింది. ఆ కారును మళ్ళీ రోడ్డెక్కించాలని నాకు చిన్నప్పటి నుంచీ కల. బెంగళూరులో ఒక కస్టమ్ షాపు వాళ్ళు వాట్సాప్‌లో ఫోటోలు చూసి, మారుతి జిప్సీ జీపు ఇంజిన్, గేర్‌బాక్స్ వేసి, బాడీ కిందికి దించి, అల్లాయ్ వీల్స్, ఏసీ, మ్యాట్ గ్రే పెయింటుతో తొమ్మిది లక్షలకు చేసిస్తామన్నారు. సగం అడ్వాన్స్ ఇవ్వాలంట. అమ్మేమో ‘నాయన ఎట్ల పెట్టుకున్నాడో అట్లే చేయించు’ అంటుంది. నా భార్య ‘ఆ దుడ్లు పిల్లల పేరు మీద వెయ్యి, కారు అమ్మేయ్’ అంటుంది. నంద్యాలలో ఉన్న అక్క ఏమీ అనలేదు. పదిహేనేండ్లు దాటిన బండ్లు స్క్రాప్‌కు పంపాలంటున్నారు కదా, అసలు ఇది మళ్ళీ రోడ్డు మీదికి వస్తుందా? ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు, అనంతపురం

జవాబు: అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదనే అనుకుంటున్నా. ఇవ్వకండి. ఆ షాపు వాళ్ళు మోసగాళ్ళని నా ఉద్దేశం కాదు. యాభై ఏండ్లు దాటిన కారుకు ఫోటోలు చూసి రేటు చెప్పడం ఎవరి వల్లా కాదు, అంతే. పెయింటు కింద రేకు ఎంత మిగిలిందో, ఫ్లోర్ ఎట్లుందో, ఇంజిన్ తిరుగుతుందో లేదో చూడకుండా చెప్పిన తొమ్మిది లక్షలు తొమ్మిదితో ఆగవు. కారు మొత్తం విప్పిన తర్వాత ‘లోపల ఇంత తుప్పు ఉంటుందనుకోలేదు సార్’ అని ఫోన్ వస్తుంది. అప్పటికి కారు సగం నేల మీద, సగం గోనెసంచుల్లో ఉంటుంది. వద్దని వెనక్కి తెచ్చుకునే వీలు కూడా ఉండదు.

మీ ఇంట్లో ముగ్గురూ మూడు మాటలు చెబుతున్నారు. ఒరిజినల్‌గా చేయించాలా, కస్టమ్ చేయించాలా, అమ్మేయాలా అన్న పంచాయితీ ఇప్పుడు తెగదు, తెంచాల్సిన పని కూడా లేదు. ముందు ఆ కారును ఉన్నదున్నట్టుగా, ఆ వెలిసిపోయిన పెయింటుతోనే, నడిచేలా చేయించండి. నడవడం కన్నా ముందు ఆగేలా చేయించండి. ఒక ఏడాది పాటు నెలకు రెండుసార్లయినా బయటికి తీయండి. మిగతా నిర్ణయాలు ఆ తర్వాత. పాత కార్ల ప్రాజెక్టులు ఎక్కువగా ఆగిపోయేది డబ్బు లేక కాదు. మొదటి నెల ఉత్సాహంలో కారును పూర్తిగా విప్పేస్తారు. అది ఒకసారి కూడా స్టార్ట్ కాదు, ఇంట్లో ఎవరినీ ఒక్కసారి కూడా కూర్చోబెట్టుకుని తిప్పదు, ఖర్చు మాత్రం కనిపిస్తుంటుంది. ఆరు నెలలకు అది ఇంట్లో గొడవల సామానుగా మారుతుంది. అదే కారు డొక్కు పెయింటుతోనైనా అమ్మను గుడికి తీసుకెళ్ళి తెస్తే, దాని మీద పెట్టే తర్వాతి రూపాయికి ఎవరూ అడ్డు చెప్పరు.

స్క్రాప్ సంగతి ముందు తేలుద్దాం, దాని గురించి అందరికీ అనవసరమైన టెన్షన్ ఉంది. పెట్రోలు కార్లకు పదిహేనేండ్లు, డీజిల్‌కు పదేండ్లు అన్న నిషేధం ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి వచ్చింది. మన దగ్గర సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లు ఉంటుంది, ఆ తర్వాత బండి తనిఖీలో పాసైతే ఐదేండ్లకొకసారి రెన్యువల్ చేస్తారు. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏండ్లు దాటిన కార్లకు ఈ రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు చేశారు. దాని మీద గ్రీన్ టాక్స్ వేరే. ఖరీదే, కానీ దారి మూసేయలేదు.

మీకున్న అసలు చిక్కు ఆర్సీ మీ నాయన పేరు మీద ఉండటం. ఒక్క బోల్టు తిప్పకముందే ఈ పని మొదలుపెట్టండి. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకు తెలియజేయాలని, మూడు నెలల్లో పేరు మార్పించుకోవాలని చట్టం. మీకు మూడేండ్లు దాటింది కాబట్టి ఆలస్యానికి కొంత కట్టాల్సి వస్తుంది, భయపడాల్సిందేమీ లేదు. దీనికి వేసేది ఫారం 31. అమ్మకానికి వాడే 29, 30 ఫారాలు మీ కేసుకు పనికిరావు. ‘నాయన సంతకం పెట్టినట్టు తేదీ వెనక్కి వేసి కానిచ్చేద్దాం సార్’ అనే ఏజెంటు తప్పకుండా తగులుతాడు. ఆ మాట విన్న చోట నుంచి లేచి వచ్చేయండి. డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అమ్మ, అక్క ఇద్దరి నుంచీ అభ్యంతరం లేదని అఫిడవిట్లు కావాలి. అక్క ఏమీ అనలేదన్నారు. అనకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. నంద్యాలకు వెళ్ళి, కూర్చుని, అడిగి సంతకం తెచ్చుకోండి. ఆమె కూడా ఆ వెనక సీట్లోనే పెరిగుంటుంది.

ఇంకో చిన్న సంగతి. 1989కి ముందు రిజిస్టర్ అయిన బండ్ల వివరాలు చాలావరకు పాత లెడ్జర్లలోనే ఉండిపోయాయి. కంప్యూటర్‌లో నంబరు కొడితే ‘రికార్డు లేదు’ అని వస్తే కంగారు పడొద్దు. ఒరిజినల్ ఆర్సీ పుస్తకం చూపించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాల్ని కంప్యూటర్‌లో ఎక్కించే పని, చేయించాలి. అందుకే ఆ చిరిగిన ఆర్సీ పుస్తకాన్ని ఇవాళే స్కాన్ చేసి పెట్టుకోండి. బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఉన్న చోట మురికి తుడిచి, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. కాగితం మీద తేలిన అంకెల్ని ఆర్సీలో ఉన్నవాటితో ఒక్కొక్కటిగా సరిచూడండి. ఆ రోజుల్లో ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ తెచ్చి బిగించి, ఆర్సీలో ఎక్కించడం మర్చిపోయిన వాళ్ళు చాలామంది. ఇంజిన్ నంబరు తేడా వస్తే ఆ విషయం ఇప్పుడే తెలియాలి, పెయింటు వేయించి తనిఖీకి తీసుకెళ్ళిన రోజు కాదు.

ఇక జిప్సీ ఇంజిన్. ఈ కోరిక నాకు అర్థం కాకపోలేదు. మీ ఫియట్‌ది 1089 సీసీ, సుమారు నలభై హార్స్‌పవర్. జిప్సీ కింగ్‌ది 1298 సీసీ, దానికి దాదాపు రెట్టింపు. గేర్‌బాక్స్‌తో కలిపి పొడుగ్గా అమరుతుంది, వెనక చక్రాలను తిప్పుతుంది కాబట్టి ఫియట్‌లోకి దూర్చడం కుదురుతుంది. చేసినవాళ్ళూ ఉన్నారు. కానీ మీ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, నాలుగింటికీ కలిపి ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే లైను. ఎక్కడ ఒక్క పైపు కారినా పెడల్ నేలకు తగులుతుంది. ఇంజిన్ మారిస్తే బ్రేకులు మార్చాలి, బ్రేకులు మారిస్తే చక్రాలు, వెనక యాక్సిల్, రేడియేటర్, స్టీరింగ్ పక్కనున్న ఆ గేరు కడ్డీ అన్నీ మార్చాలి. చివరికి మీ నాయన కారులో మిగిలేది తలుపులు, బానెట్.

చట్టం ఇంకా కఠినంగా ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవడం, చిన్న చిన్న అమరికలు పరవాలేదు, బాడీ, చాసిస్ నిర్మాణం జోలికి పోకూడదు. అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. ఊళ్ళో ఎవరూ పట్టుకోరని షాపు వాళ్ళు అంటారు, నిజమే కావచ్చు. గుత్తి రోడ్డులో ఎవరినైనా గుద్దిన రోజున ఇన్సూరెన్స్ వాళ్ళు మాత్రం బానెట్ ఎత్తి చూస్తారు.

దీనికి తోడు మీ కారుకు ఒక ప్రత్యేకమైన అర్హత వచ్చి ఉంది, దాన్ని పాడుచేసుకోవద్దు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏండ్లు దాటిన సొంత వాడకపు కార్లు, రెండు చక్రాల బండ్లు వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. ఫీజు కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, మళ్ళీ పొడిగించుకోవడానికి 5,000, గడువు పదేండ్లు. కొత్తగా రిజిస్టర్ అయ్యేవాటికి వీఏ అన్న అక్షరాలతో నంబరు ఇస్తారు, ఇప్పటికే రిజిస్టర్ అయినవి తమ పాత నంబరునే ఉంచుకోవచ్చు. వింటేజ్‌గా నమోదైన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గింపు కూడా ఉంది. షరతు ఏమిటంటే చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. జిప్సీ ఇంజిన్ ఎక్కిన రోజే ఈ తలుపు మూసుకుపోతుంది.

అయినా ఇప్పుడే వింటేజ్‌కు మార్చమని చెప్పను. వింటేజ్ కింద నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీ వాడకానికి తిప్పకూడదు. మీకు కావాల్సింది ఆదివారం పూట అమ్మను తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుడికి తీసుకెళ్ళే కారు. కాబట్టి మామూలు రెన్యువల్ చేయించుకోండి, వింటేజ్ అర్హత చెడకుండా కాపాడుకోండి. ఇంకో పదేండ్లకు మీ పిల్లలు దాన్ని ఎగ్జిబిషన్లకు మాత్రమే తీస్తామంటే అప్పుడు చూసుకోవచ్చు.

ఇప్పుడు షెడ్డులోకి వెళ్దాం. తలుపు తీసే ముందు ఒక కర్రతో అటూ ఇటూ తట్టండి. పదేండ్లు కదలని కారు కింద ఏముందో చెప్పలేం, కందిరీగలు మాత్రం గ్యారంటీ. మన జిల్లా ఎండు వాతావరణం కారుకు ఒక రకంగా వరమే. కోస్తాలో ఇన్నేండ్లు ఆగిన కారు ఫ్లోర్ చేతికొచ్చేది. ఇక్కడ రేకు నిలబడుతుంది కానీ ఎండకు రబ్బరు, రెగ్జిన్ పెళుసెక్కిపోతాయి. వైరింగ్ ఎలుకల పాలవుతుంది. మీ షెడ్డు రేకు ఎక్కడ కారుతోందో చూసి, ఆ కింద పడే భాగాన్ని ముందు పరీక్షించండి.

ఫియట్‌కు విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. అందుకే తుప్పు ఎక్కడుందన్నది అందం సమస్య కాదు. తలుపుల కింద పొడుగ్గా వచ్చే డబ్బా భాగం, జాకీ పెట్టే చోట్లు, వెనక కమాన్లు (పట్టీ స్ప్రింగులు) బిగించిన చోటు, డిక్కీలో స్టెపినీ కింద నేల, ఈ నాలుగూ బాగుంటే కారు బాగున్నట్టే. ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ పొడవునా జరపండి. గట్టిగా పట్టుకుంటూ వచ్చి ఒక చోట జారిపోయిందంటే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. ఆ చోట చాక్‌పీసుతో గీయండి. స్క్రూడ్రైవర్ వెనక పిడితో తట్టి చూడండి, రేకయితే ఖణేలుమంటుంది, లప్పమయితే మొద్దుగా మోగుతుంది. కారు కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి.

ఇంకా ఆ రోజే ఒక సరదా పని చేయొచ్చు. మీరు మ్యాట్ గ్రే అంటున్నారు కానీ, కారు మీద ఇప్పుడున్న రంగు ఒరిజినల్‌దేనా? డ్యాష్‌బోర్డు కింద, లేదా డిక్కీ మూత కీలు దగ్గర, బయటికి కనిపించని చోట అంగుళమంత మేర నీళ్ళతో తడిపి సన్న వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్దండి. పై రంగు పోయి దాని కింద ఇంకో రంగు, దాని కింద ప్రైమర్, ఉంగరాల్లాగా ఒకదాని లోపల ఒకటి తేలతాయి. ప్రైమర్‌కు ఆనుకుని ఉన్నదే కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు. ఆర్సీలో రాసి ఉన్న రంగుతో పోల్చండి. ఆ వలయాల ఫోటో అమ్మకు చూపించండి. ‘నాయన ఎట్ల పెట్టుకున్నాడో అట్లే’ అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది ఏ రంగో అప్పుడు తెలుస్తుంది. చాలా ఇళ్ళలో అది పిల్లలు అనుకున్న రంగు కాదు. రంగు ఏదయినా మార్చాలనుకుంటే ఆర్టీవో ఆఫీసులో చెప్పి ఆర్సీలో ఎక్కించాలి.

ఇంజిన్ విషయంలో ఒక్క నియమం. కొత్త బ్యాటరీ తెచ్చి తగిలించి సెల్ఫ్ కొట్టకండి. తోసి స్టార్ట్ చేద్దామని నలుగురు కుర్రాళ్ళను కూడా పిలవకండి. పదేండ్లుగా కదలని పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు అంటుకుని ఉంటాయి, బలవంతం చేస్తే రింగు విరిగి బోరు గీసుకుపోతుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు స్పూన్ల పల్చటి ఆయిల్ పోసి వారం రోజులు వదిలేయండి. తర్వాతి శనివారం వచ్చి క్రాంక్ పుల్లీ నట్‌కు పానా తగిలించి చేత్తో తిప్పి చూడండి. కొంచెం కదిలితే చాలు, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ మెల్లగా పూర్తి చుట్టు తిప్పండి. కదలకపోతే మళ్ళీ ఆయిల్ పోసి ఇంకో వారం ఆగండి. ఎంత లేటయినా ఇక్కడ తొందరపడొద్దు.

ఇంజిన్ చేత్తో తిరిగాక పాత ఆయిల్ దించేసి కొత్తది పోయండి. పెట్రోల్ ట్యాంకు దించి కడిగించండి. మూత తీస్తే వార్నిష్ వాసన వస్తుంది, అడుగున బంక పేరుకుని ఉంటుంది. దాన్ని అట్లే వదిలి పెట్రోల్ పోస్తే ఆ బంక కరిగి కార్బురేటర్ జెట్లలో చేరుతుంది. ఇక్కడ కొత్తగా వచ్చిన చిక్కు ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 1971 నాటి రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ దానికి తట్టుకోవు, మెత్తబడి చీలిపోతాయి. పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ నిల్వ ఉంచొద్దు, వాడే కొద్దీ పోసుకోండి. కారులో ఎప్పుడూ ఒక చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. పాత పెట్రోల్ పైపు, ఎలుక కొరికిన వైరు ఒకే బానెట్ కింద ఉన్నప్పుడు ఇది అతి జాగ్రత్త అనిపించుకోదు.

బ్రేకుల్లో బేరాలు వద్దు. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, అన్నీ ఒకేసారి కొత్తవి. ‘ఇది బాగుంది సార్, లోపలి రబ్బరు కప్పులు మార్చి వేద్దాం’ అన్నా ఒప్పుకోవద్దు. టైర్లు చూడటానికి గీతలు నిండుగా ఉన్నా సరే, పాతవి పారేయండి. మన ఎండకు లోపల దారాలు విడిపోయి ఉంటాయి.

ఇవన్నీ ఎవరు చేస్తారంటారు. బెంగళూరులో వెతక్కండి. అనంతపురం, కడప, కర్నూలు మూడు ఊళ్ళలోనూ ఫియట్, అంబాసిడర్ల మీదే పని నేర్చుకున్న మేస్త్రీలు ఇంకా ఉన్నారు. చాలామంది షాపు కొడుకులకు అప్పగించి ఇంటి దగ్గర ఉంటున్నారు. మీ నాయన కారు ఎక్కడ రిపేరు చేయించేవాడో అమ్మనో, మండీలో పాత గుమాస్తానో అడగండి. ఇగ్నిషన్ పాయింట్ల సందును అగ్గిపుల్లతోనే సరిచేసేవాళ్ళు, కార్బురేటర్‌ను చెవితో ట్యూన్ చేసేవాళ్ళు వాళ్ళే. ఆ మేస్త్రీ తానే పని చేయలేకపోయినా, కుర్చీ వేసి కూర్చోబెడితే కుర్రవాళ్ళతో చేయిస్తాడు. రోజుకింత అని మర్యాదగా ఇవ్వండి, పక్కన కూర్చుని నేర్చుకోండి. కియా ఫ్యాక్టరీ వచ్చాక మన కుర్రాళ్ళలో మంచి టెక్నీషియన్లకు కొదవ లేదు, కానీ స్టీరింగ్ పక్కనున్న గేరు లింకేజీలో బుష్ అరిగితే ఏ గేరు పడదో వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఈ ముసలాయనలు ఎల్లకాలం ఉండరు, నిజంగా తొందరపడాల్సిన విషయం ఏదైనా ఉంటే ఇది.

సామాన్ల గురించి మీరు భయపడినంత లేదు. మీ డిలైటే తర్వాత ప్రీమియర్ పద్మిని పేరుతో దాదాపు 2000 దాకా ముంబయి కుర్లాలో తయారైంది. ముంబయి టాక్సీలుగా 2023 అక్టోబరు దాకా తిరిగింది. అందుకే ఇంజిన్, బ్రేకు, సస్పెన్షన్ సామాన్లు బెంగళూరు జేసీ రోడ్డులో, చెన్నై పుదుపేటలో, ముంబయిలో ఇప్పటికీ దొరుకుతాయి. దొరకనిది మీ మోడల్ ముందు జాలీ, మెరుపు పట్టీలు, వీల్ కప్పులు, మీటర్ల లాంటివి. వాటిలో ఏది ఊడినా జిప్ కవర్లో వేసి, పైన ఏ వైపుదో రాసి, ఇంట్లో బీరువాలో పెట్టండి, షెడ్డులో కాదు. వంగిన పట్టీని కూడా పారేయొద్దు, సరిచేయొచ్చు.

మీ కస్టమ్ సరదాను నేను పూర్తిగా చంపేయడం లేదు. విప్పితే ఎప్పుడైనా పాతదాన్ని తిరిగి బిగించగలిగేది ఏదైనా చేసుకోండి. డైనమో బదులు ఆల్టర్నేటర్, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ముందు సీట్లకు బెల్టులు, హెడ్‌లైట్లకు రిలేలు. అవి మన కాలం ట్రాఫిక్‌కు నిజంగా పనికొస్తాయి. మీ నాయన ఎండాకాలంలో దారిలో బండి ఆపి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేయడం మీరు చూసే ఉంటారు. ఆ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, ఎండకు పెట్రోల్ అందులోనే ఆవిరై సరఫరా ఆగిపోయేది. ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు పెడితే ఆ బాధ తప్పుతుంది. తీసేసిన పాత భాగాలన్నీ దాచి పెట్టండి. ఏసీ మాత్రం ఆ నలభై హార్స్‌పవర్ మీద వేయొద్దు. తెల్లవారుజామున బయల్దేరండి, త్రికోణపు అద్దం తిప్పుకోండి. బాడీ కిందికి దించడం మన స్పీడ్ బ్రేకర్లు చూశాక కూడా ఎట్లా ఆలోచించారో నాకు అర్థం కాలేదు.

ఇక మీ భార్య మాట. కారు అమ్మేయమనడంలో నేను ఆమెతో ఏకీభవించను, ఆ తొమ్మిది లక్షల విషయంలో మాత్రం ఆమెదే న్యాయం. పాత కారు మీద పెట్టింది తిరిగి రాదు. ఎంత బాగా చేయించినా ఖర్చులో కొంత భాగమే అమ్మకంలో వస్తుంది, అందుకని దీన్ని పెట్టుబడి అని ఇంట్లో చెప్పి ఒప్పించకండి, తర్వాత మాట పడతారు. పర్సనల్ లోన్ తీసుకోవద్దు. నెలకు ఇంత అని ఇద్దరూ కూర్చుని ఒక మొత్తం ఖాయం చేసుకోండి, లెక్క పుస్తకం ఆమె దగ్గరే ఉండనివ్వండి. ఆ నెల డబ్బు అయిపోతే పని తర్వాతి నెలకు. మేస్త్రీకి కూడా పని అయినంత వరకే డబ్బు, ముందు మొత్తం కాదు. పెయింటు, క్రోమ్, సీట్లు అన్నిటికన్నా ఎక్కువ మింగేవి, అన్నిటికన్నా చివర చేయాల్సినవి. కొత్త పెయింటు వేశాక వెల్డింగ్ చేయాల్సి వస్తే ఆ పెయింటు డబ్బు నీళ్ళలో పోసినట్టే.

వరస ఇట్లా పెట్టుకోండి. ఈ నెలలో అక్క సంతకం, ఫారం 31, ప్లగ్ రంధ్రాల్లో ఆయిల్. ఇంజిన్ తిరిగి, బ్రేకులు పట్టాక షెడ్డు ఆవరణలోనే తిప్పండి. ఆర్సీ రెన్యువల్, ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డు మీదికి తీయొద్దు. తనిఖీకి ట్రాలీ మీద వేసుకుని ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్ళండి. లైట్లు, హారన్, వైపర్లు, ఇండికేటర్లు అన్నీ పనిచేయాలి, చాలామంది వైపర్ దగ్గర ఇరుక్కుంటారు. రెన్యువల్ అయ్యాక మొదటి నెల ఊళ్ళోనే, తర్వాత నెల ముప్పై నలభై కిలోమీటర్లు, బెంగళూరు హైవే మాత్రం మేస్త్రీ సరే అన్నాకే.

వచ్చే ఆదివారం అయస్కాంతం, టార్చ్ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళినప్పుడు నాలుగు ఫోటోలు తీసి పంపండి. స్టెపినీ తీసేసిన డిక్కీ నేల, రెండు వైపులా తలుపుల కింది భాగం, వెనక కమాన్ల బిగింపు. చాక్‌పీసు గీతలు చెరపకుండా తీయండి. అవి చూస్తే టింకరింగ్ ఎంత పడుతుందో, అసలు పడుతుందో లేదో రాస్తాను.